కొవ్వును తగ్గించు మందులు – వాటితో పొసగని మందులు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు పత్రికల కొరకును, కథల కొరకును వచ్చువారే అధికులు. అయినను శాస్త్రవిజ్ఞానమును తెలుగుభాషలో సామాన్యులకు అందించుట ఈ ఉద్యమమునకు మొదటినుండియు ముఖ్యాశయములలో నొకటి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, చరిత్ర గ్రంథములతోపాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములను గూడ తెలుగున వెలువరించిరి. పల్లెటూరి గ్రంథాలయము పాతికేండ్లు నిలిచినదనగా ఆ దీపము ఇంకను వెలుగుచున్నదని అర్థము. ఆ వెలుగులో చూడదగిన విషయమొకటి నేటి ప్రసంగమునకు ఎన్నుకొనబడినది.

ఒకనాడు పల్లెలను భయపెట్టినవి కలరా, మశూచి. నేడు పెద్దవయసువారి నోట వినవచ్చునవి రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బు. అరువదేండ్లు దాటినవారి మందుల సంచిలో నాలుగైదు రకముల బిళ్ళలుండుట వింత కాదు. వాటిలో రాత్రి భోజనానంతరము వేసికొను చిన్న బిళ్ళ యొకటి తరచుగా నుండును. కొవ్వు బిళ్ళ యనియు, కొలెస్టరాల్ బిళ్ళ యనియు దానిని పిలుతురు. అది మంచి మందు. ప్రాణములు నిలిపిన మందు. అయితే దానితో పొసగని మందులు కొన్ని కలవు. ఒక డాక్టరు ఇచ్చిన బిళ్ళకు మరియొక డాక్టరు ఇచ్చిన బిళ్ళ విరోధియగునని తెలియక, రెండును కలిపి మ్రింగుటవలన కొందరు ఆపదపాలైరి. కావున ఏవి పొసగవో, ఎందుకు పొసగవో, కీడు కలుగుచున్నదని ఎట్లు గుర్తింపవచ్చునో తెలిసికొనుట అవసరము.

ముందుగా మందు చరిత్ర. కొలెస్టరాల్ అనునది విషము కాదు. శరీరమందలి ప్రతి కణమునకు అది కావలసిన పదార్థమే. దానిలో అధికభాగమును కాలేయము స్వయముగా తయారుచేయును. అవసరమునకు మించి రక్తములో చేరినప్పుడు రక్తనాళముల గోడలలో పేరుకొని, దారిని ఇరుకు చేయును. గుండెకు రక్తము తీసికొనిపోవు నాళము మూసికొన్నచో గుండెపోటు, మెదడుకు పోవునది మూసికొన్నచో పక్షవాతము సంభవించును. రక్తములోని కొలెస్టరాల్‌ను కాలేయము ఏవిధముగా లోనికి గ్రహించునో కనుగొన్న అమెరికా శాస్త్రజ్ఞులు బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అనువారలకు 1985లో నోబెల్ బహుమానము లభించెను.

కాలేయమున కొలెస్టరాల్ తయారీని అడ్డగించు మందును మొదట కనుగొన్నవాడు జపానుదేశీయుడగు అకీరా ఎండో. ఆయన రైతుకుటుంబమున జన్మించినవాడు. బాల్యమునుండి బూజులన్నను, పుట్టగొడుగులన్నను ఆయనకు ఆసక్తి. సుమారు ఆరువేల రకముల బూజులను, శిలీంధ్రములను పరీక్షించి, తుదకు 1973లో తాను వెదకుచున్న పదార్థమును ఒక నీలిపచ్చ బూజులో కనుగొనెను. ఆ బూజు దొరకినది క్యోటో నగరమున ఒక ధాన్యపు అంగడిలోని బియ్యములో. బియ్యపు మిల్లులకు పేరుగన్న మిర్యాలగూడ సమీపమున నివసించువారు ఈ విషయమును వినినచో సంతోషింపకుండలేరు. బూజుపట్టినదని పారవేయు బియ్యమునుండి లోకమునకు గుండెను కాపాడు మందు లభించెను. ఎండో 2024లో స్వర్గస్థుడయ్యెను.

ఆ జాతి మందులకు స్టాటిన్లని పేరు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ అనుమతి పొందెను. పిదప సిమ్వాస్టాటిన్, ప్రావస్టాటిన్, అటోర్వాస్టాటిన్, రోజువాస్టాటిన్ మొదలగునవి వచ్చెను. 1994లో స్కాండినేవియా దేశములలో 4,444 మంది హృద్రోగులపై జరిపిన పరిశోధన ఫలితములు వెలువడెను. సిమ్వాస్టాటిన్ వాడినవారిలో మరణములు సుమారు నూటికి ముప్పదివంతులు తగ్గినట్లు తేలెను. అప్పటినుండి ఈ మందుల విలువను గూర్చి వైద్యులకు సందేహము లేకపోయెను.

ఇవి పల్లెలకు చౌకగా చేరుటలో హైదరాబాదు నగరమునకు భాగము కలదు. 1961లో భారతప్రభుత్వము స్థాపించిన ఐ.డి.పి.ఎల్. సంస్థ ఆ నగరమున మందుల కర్మాగారమును నెలకొల్పెను. అందు పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. 1970 నాటి పేటెంటు చట్టము మందు పదార్థముపై గాక తయారుచేయు పద్ధతిపై మాత్రమే హక్కు నిచ్చుటచేత, 2005 వరకు భారతదేశపు సంస్థలు అనేక క్రొత్త మందులను వేరు పద్ధతులలో తయారుచేసి తక్కువ వెలకు అమ్మగలిగినవి. 2006లో అమెరికాలో సిమ్వాస్టాటిన్ పేటెంటు గడువు తీరగనే, దానిని అచట అమ్మిన సంస్థలలో డాక్టర్ రెడ్డీస్ ఒకటి. మందు చౌకయగుట మేలే. అయితే చౌకగా దొరకు వస్తువును గూర్చి మనుష్యుడు జాగ్రత్త తక్కువగా చూపును. చిక్కంతయు అక్కడనే యున్నది.

ఇక మందులకు మందులకు పొత్తు ఎట్లు చెడునో చూతము. కాలేయమును ఒక బియ్యపు మిల్లుగా భావింపుడు. మ్రింగిన మందులనేకము ఈ మిల్లులో ఆడింపబడి, శక్తి యుడిగి, వెలుపలికి పోవలసియుండును. ఈ మిల్లులోని ముఖ్యమైన మరకు, అనగా ఎంజైమునకు, సి.వై.పి.3ఎ4 అని శాస్త్రజ్ఞులు పేరిడిరి. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ ఈ మరలోనే ఆడవలసిన ధాన్యము. మర సరిగా తిరుగుచున్నంతసేపు దినమునకొక బిళ్ళ వేసికొన్నచో దినమునకొక బిళ్ళ అరిగిపోవును. ఆ మరను బిగించివేయు మరియొక మందును రోగి మ్రింగెననుకొనుడు. అప్పుడు నిన్నటి బిళ్ళ అరగకముందే నేటి బిళ్ళ వచ్చి చేరును, రేపటిది దానిపై చేరును. మ్రింగినది ఒక్క బిళ్ళయే యైనను రక్తములో పలుబిళ్ళల బలము పేరుకొనును. పేరుకొన్న స్టాటిన్ కండరములను దెబ్బతీయును.

కండరములు తీవ్రముగా చెడినప్పుడు వాటిలోని ఎఱ్ఱని మాంసద్రవ్యము రక్తములో కలిసి మూత్రపిండములను చేరును. మూత్రపిండములు దానిని వడకట్టలేక చెడిపోవును. మూత్రము టీ డికాషన్ రంగునకు మారును. దీనికి వైద్యభాషలో రాబ్డోమయోలిసిస్ అని పేరు. ఇది అరుదు. ఒంటరిగా స్టాటిన్ వాడువారిలో మిక్కిలి అరుదు. పొసగని మందు తోడైనప్పుడే దీని భయము హెచ్చును.

ఈ విషయమును లోకమునకు బోధించినది సెరివాస్టాటిన్ అను మందు. బేయర్ సంస్థ దానిని 1997లో విపణిలోనికి తెచ్చెను. 2001 ఆగస్టులో ఉపసంహరించెను. అప్పటికి అమెరికా ఔషధ నియంత్రణశాఖకు కండరముల విధ్వంసమువలన 31 మరణముల వార్తలు అందెను. వాటిలో 12 మంది సెరివాస్టాటిన్‌తోపాటు జెమ్‌ఫైబ్రోజిల్ అను మరియొక కొవ్వు మందును గూడ వాడుచుండినవారు. రెండును కొవ్వును తగ్గించుటకు ఉద్దేశించినవే. రెండును మంచి తలంపుతో ఇచ్చినవే. అయినను రెండింటి కలయిక ప్రాణాంతకమయ్యెను. ఒకే జబ్బునకు ఇచ్చిన రెండు మందులైనను తప్పక పొసగునను నమ్మకము తగదని ఆ ఉదంతము చాటుచున్నది.

జెమ్‌ఫైబ్రోజిల్ నేటికిని వాడుకలో నున్నది. దానిని సిమ్వాస్టాటిన్‌తో కలుపరాదు. ఇతర స్టాటిన్లతో గూడ కలుపకుండుటయే మేలు. ట్రైగ్లిసరైడు అను కొవ్వు మిక్కిలి హెచ్చియున్నవారికి స్టాటిన్‌తో జత అవసరమైనచో వైద్యులు సాధారణముగా ఫెనోఫైబ్రేట్‌ను ఎన్నుకొందురు. దానికిని పరీక్షలు, పర్యవేక్షణ కావలయును. జెమ్‌ఫైబ్రోజిల్ వాడు మధుమేహ రోగులు రెపాగ్లినైడ్ అను చక్కెర మందును వాడరాదు. రక్తములోని చక్కెర ప్రమాదస్థాయికి పడిపోవును.

పల్లెలలో ఎక్కువగా ఎదురగు చిక్కు యాంటీబయాటిక్ మందులతో కలుగును. చలికాలమున దగ్గు, రొమ్ముపడిశము పట్టినప్పుడు క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అను మందులు ఇచ్చుట కలదు. ఈ రెండును పైన చెప్పిన మరను బిగించు మందులు. సిమ్వాస్టాటిన్ వాడువారికి ఇవి నిషిద్ధములు. క్లారిత్రోమైసిన్ వాడునప్పుడు అటోర్వాస్టాటిన్ దినమునకు 20 మిల్లీగ్రాములు మించరాదు. కెనడాలోని అంటారియో రాష్ట్రమున 65 ఏండ్లు దాటిన స్టాటిన్ వాడుకదారులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితములు ఈ విషయమునే బలపరచినవి. అజిత్రోమైసిన్ వాడినవారితో పోల్చగా, క్లారిత్రోమైసిన్ లేక ఎరిత్రోమైసిన్ వాడినవారు కండర విధ్వంసముతో ఆసుపత్రిలో చేరుట సుమారు రెట్టింపు. మొత్తముమీద అట్టివారి సంఖ్య స్వల్పమే. అయినను డాక్టరునకు ముందుగా తెలిపినచో తప్పించుకొనగల ఆపద అది. అజిత్రోమైసిన్ ఆ మరను అంతగా బిగింపదు. జబ్బునకు తగినచో డాక్టరు దానిని వ్రాయవచ్చును. మరియొక మందు లేనిచో ఆ కొన్నిదినములు స్టాటిన్ ఆపుమని చెప్పవచ్చును. ఆ నిర్ణయము డాక్టరుది, మందుల దుకాణమువారిది కాదు.

రెండవది తామర మందు. నాగార్జునసాగరు ఎడమకాలువ, అనగా లాల్‌బహదూర్ కాలువ, ఈ ప్రాంతమునకు నీరు తెచ్చి వరిని విస్తరింపజేసెను. 1967లో సాగరు కాలువలకు నీరు విడువబడినది. బురదమళ్ళలో దినమంతయు నిలిచి పనిచేయువారికి, తడిబట్టలతో చెమటలో నుండువారికి గజ్జలయందు, కాళ్ళయందు తామర పట్టుట సహజము. ఇటీవల ఆ తామర మొండిదై, పైపూతలకు లొంగకున్నది. అందుచే ఇట్రాకోనజోల్ గుళికలను వారములతరబడి మ్రింగుమని చెప్పుచున్నారు. ఈ ఇట్రాకోనజోల్, దాని జాతికే చెందిన కీటోకోనజోల్ మరను గట్టిగా బిగించును. చర్మవ్యాధికి వైద్యము చేయించుకొనునప్పుడు గుండెమందు మాట చెప్పవలెనని ఎవరికిని తోచదు. చర్మమునకును గుండెకును సంబంధమేమని అనుకొందురు. సంబంధము కాలేయమున నున్నది. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ వాడువారు ఇట్రాకోనజోల్ తీసికొనరాదు. అటోర్వాస్టాటిన్ వాడువారికి డాక్టరు మోతాదును తగ్గింపవలసియుండును.

మూడవది గుండెకును, రక్తపోటునకును ఇచ్చు మందులు. వెరాపమిల్, డిల్టియాజెమ్ అను మందులతో సిమ్వాస్టాటిన్ దినమునకు 10 మిల్లీగ్రాములు మించరాదు. రక్తపోటునకు అనేకులు వాడుచున్న అమ్లోడిపిన్‌తో 20 మిల్లీగ్రాములు మించరాదు. 2011లో అమెరికా ఔషధ నియంత్రణశాఖ ఈ హద్దులను విధించెను. ఆ సంవత్సరముననే సిమ్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాముల మోతాదును క్రొత్తవారికి ఇయ్యరాదని చెప్పెను. అమ్లోడిపిన్‌తో అటోర్వాస్టాటిన్‌కు అంత విరోధము లేదు. రెండింటిని కలిపి ఒకే బిళ్ళగా గూడ అమ్ముచున్నారు. గుండెలయ తప్పినవారికిచ్చు అమియోడరోన్, కీళ్ళవాతములలో నొకటియగు గౌటునకు ఇచ్చు కోల్చిసిన్, మూత్రపిండము మార్పిడి చేయించుకొన్నవారికిచ్చు సైక్లోస్పోరిన్ కూడ జాగ్రత్తపడవలసినవే. వీనిలో సైక్లోస్పోరిన్ అన్నింటికంటె ప్రబలమైనది.

కవాటముల జబ్బు గలవారు, కృత్రిమ కవాటము అమర్పబడినవారు రక్తము గడ్డకట్టకుండుటకై వార్ఫరిన్ వాడుదురు. రోజువాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ ఆ మందు బలమును పెంచి, రక్తస్రావమునకు దారితీయవచ్చును. అట్టివారు స్టాటిన్ మొదలిడినప్పుడును, మోతాదు మార్చినప్పుడును, ఆపినప్పుడును ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఇంతవరకు చెప్పినవానిలో పెక్కు మరను బిగించు మందులు. దానికి విరుద్ధముగా మరను మితిమీరిన వేగముతో త్రిప్పు మందులును కలవు. క్షయరోగమునకు ఇచ్చు రిఫాంపిసిన్ అట్టిది. మూర్ఛకు ఇచ్చు ఫెనిటోయిన్, కార్బమజెపిన్ అట్టివే. వీటితో అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ త్వరగా అరిగిపోయి, పనిచేయవలసినంత పనిచేయవు. రోగి నియమము తప్పకుండ బిళ్ళ వేసికొనుచునే యుండును. కొవ్వు మాత్రము దిగదు. ఇందులకు క్షయమందు మానుట పరిష్కారము కాదు. క్షయమందును మధ్యలో మానుటకంటె పెద్ద ప్రమాదము లేదు. స్టాటిన్‌నే సరిచేయించుకొనవలెను.

మరవరకు పోనీయక వాకిటనే అడ్డగించునవి మూడవ తెగ. కడుపుమంటకు త్రాగు తెల్లని యాంటాసిడ్ ద్రవములలో అల్యూమినియము, మెగ్నీషియము లవణములుండును. అవి రోజువాస్టాటిన్‌తోపాటు కడుపులో చేరినచో ఆ మందులో సుమారు సగము రక్తమునకు అందదు. కావున బిళ్ళ వేసికొన్న రెండుగంటల తరువాతనే ఆ ద్రవమును త్రాగవలెను. కొలెస్టిరమైన్ అను పొడి కూడ ఇట్టిదే. అది కొవ్వును తగ్గించు పాతమందు. తన వెంట వచ్చిన థైరాయిడు మందును, డిగాక్సిన్‌ను, వార్ఫరిన్‌ను, స్టాటిన్‌ను గూడ పట్టుకొని మలముతో వెలుపలికి తీసికొనిపోవును. ఇతర మందులను ఆ పొడికి గంట ముందుగా గాని, నాలుగు మొదలు ఆరుగంటల తరువాత గాని వేసికొనవలెను.

రోజువాస్టాటిన్ విషయమున మరియొక మాట. ఒకే మోతాదు ఇచ్చినను తూర్పుదేశస్థుల రక్తములో, భారతీయుల రక్తములో గూడ, ఐరోపావారి రక్తములో కంటె సుమారు రెండురెట్లు ఈ మందు చేరుచున్నదని పరిశోధనలు తెలిపినవి. అందుచేతనే 5 మిల్లీగ్రాములతో ప్రారంభించుట మేలని అమెరికాలో ఆ మందు సూచనాపత్రమునందే వ్రాసియున్నారు. పొరుగువాడు 20 మిల్లీగ్రాములు వాడుచున్నాడు కనుక తనకును అదే కావలెనని దుకాణమున అడుగుట అవివేకము.

తిండి సంగతి అడుగువారు అనేకులు. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ అను శాస్త్రజ్ఞుడు ఒక రక్తపోటు మందును గూర్చి పరిశోధించుచు, మద్యపు రుచిని కప్పుటకై గ్రేప్‌ఫ్రూట్ రసమును వాడెను. ఆ రసమువలననే మందు బలము హెచ్చుచున్నదని అనుకొనకుండ బయటపడెను. ఆ పండులోని కొన్ని పదార్థములు పేగుగోడలలోని అదే మరను బిగించును. ప్రభావము ఒక దినమునకు మించి నిలుచును. గ్రేప్‌ఫ్రూట్ ఈ ప్రాంతపు పండు కాదు. కాని దాని దగ్గరి చుట్టమగు పంపరపనస ఇచటి పెరళ్ళలో కలదు. అందును ఆ పదార్థములున్నవి. సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వాడువారు పంపరపనసను మానుకొనుట మంచిది. నల్లగొండ సీమకు పేరు తెచ్చిన బత్తాయి మాటయేమి? బత్తాయి తీపినారింజ జాతి. పంపరపనసలో వలె ఆ పదార్థములు అందు చెప్పుకొనదగినంత లేవు. స్టాటిన్ వాడువారు బత్తాయిని భయపడి వదలనక్కరలేదు. మధుమేహము గలవారు రసమును మితముగా త్రాగవలెననుట వేరు సంగతి. సారాగాని, మరి యే మద్యముగాని మితిమీరినచో కాలేయమును, కండరములను రెండింటిని దెబ్బతీయును. స్టాటిన్ వాడువారికి అది రెట్టింపు చేటు.

దేశీయ వైద్యమును గూర్చియు చెప్పవలసియున్నది. గుగ్గులు కొవ్వును తగ్గించునా యని 1966లో బనారసు హిందూ విశ్వవిద్యాలయమున జి.వి. సత్యవతిగారు పరిశోధించిరి. ఆయుర్వేదపు పాతమాటను ప్రయోగశాలలో పరీక్షించిన ఆ కృషి గణనీయమైనది. పిదప 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో గుగ్గులు చెడుకొవ్వును తగ్గింపకపోగా కొంచెము పెంచినట్లు కనబడెను. ఏది యెట్లున్నను గుగ్గులు శక్తిగల పదార్థమే. డిల్టియాజెమ్, ప్రొప్రనలోల్ అను గుండెమందులు రక్తమునకు అందకుండ అది కొంత అడ్డగించునని పరిశీలనలో తేలినది. కీళ్ళనొప్పులకు యోగరాజ గుగ్గులు మొదలగు గుళికలు వాడువారు ఆ విషయమును డాక్టరుతో చెప్పవలెను. చెట్టుమందు మందు కాదనుకొని దాచుట పొరపాటు.

నయాసిన్ అను విటమిను కథ ఈ ప్రాంతమునకు మరింత చేరువైనది. జొన్నలు ప్రధానాహారముగా గల దక్కను ప్రాంతపు బీదలలో పెల్లాగ్రా అను చర్మవ్యాధి కానవచ్చెడిది. హైదరాబాదున పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ గారును, వారి సహచరులును దానిని పరిశోధించి, జొన్నలోని ల్యూసిన్ అను పదార్థమునకు దానితో సంబంధమున్నదని 1960లో సూచించిరి. ఆ వ్యాధిని నివారించు విటమినే నయాసిన్. దానినే పెద్దమోతాదులో ఇచ్చినచో కొలెస్టరాల్ తగ్గునని 1955లో కెనడా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. స్టాటిన్‌తో దానిని చేర్చి వాడుట చాలకాలము సాగెను. తరువాతి పెద్ద పరీక్షలలో ఆ చేర్పువలన గుండెకు అదనపు మేలు కలుగలేదు సరికదా, కీడులు హెచ్చెను. 2016లో అమెరికాలో ఆ జంటబిళ్ళలకు అనుమతి రద్దయ్యెను. కొలదిగా నున్నప్పుడు ఆహారమైన వస్తువు, పెద్దమోతాదులో మందై, పొసగనిచోట కీడగును. బలమునకని విటమినులను కొని మ్రింగువారు గ్రహింపదగిన విషయమిది.

ఇన్ని మందుల పేర్లు చెప్పుట భయపెట్టుటకు కాదు. ఆస్పిరిన్, మెట్‌ఫార్మిన్, ఎనలాప్రిల్, అటెనలోల్, జ్వరమునకు వేసికొను పారాసిటమాల్ మొదలగు వాటితో స్టాటిన్లకు సాధారణముగా పెద్ద విరోధము లేదు. లక్షలాదిమంది వాటిని కలిపియే వాడుచున్నారు. ఈ ప్రసంగము విని, మందు ప్రమాదమట యని గుండెపోటు వచ్చిన మనిషి స్టాటిన్ మానివేసినచో, పొసగని మందువలన కలుగు కీడుకంటె మానుటవలన కలుగు కీడే పెద్దది. మానవలసినది అజాగ్రత్త, మందు కాదు.

కీడును గుర్తించుట ఎట్లు? ఇచట పల్లెవారికి ప్రత్యేకమైన చిక్కు కలదు. నాట్ల కాలమున నడుము, తొడలు, పిక్కలు నొప్పి పుట్టనివారెవరు? కోతలు, బస్తాల మోత ముగిసిన దినమున భుజములు పట్టుకొనిపోవుట ఎవరికి తెలియదు? ఆ నొప్పిని, మందువలని నొప్పిని వేరుచేయుట తెలిసియుండవలెను. పని నొప్పి పనిచేసిన భాగమున కలిగి, రెండుమూడు దినముల విశ్రాంతితో తగ్గును. మందువలని నొప్పి సాధారణముగా రెండు తొడలలోను, రెండు భుజములలోను సమముగా కలుగును. పనిలేనప్పుడును ఉండును. క్రొత్త మందు చేరినపిదపనో, మోతాదు పెరిగినపిదపనో మొదలగును. గొంతుకిలబడి కూర్చున్నవాడు చేతి ఊత లేక లేవలేకపోవును. మెట్లు ఎక్కలేకపోవును. మూత్రము ముదురు గోధుమరంగునకు మారినచో క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. సి.కె. అను రక్తపరీక్షవలన కండరములు చెడినదియు లేనిదియు తెలియును.

అట్టి నొప్పికి దుకాణమునకు పోయి నొప్పిబిళ్ళ కొని వేసికొనుట మిక్కిలి అపాయకరము. డైక్లోఫెనాక్ వంటి నొప్పిబిళ్ళలు మూత్రపిండములకు భారము. కండరముల ద్రవ్యముతో అప్పటికే సతమతమగుచున్న మూత్రపిండములపై అవి మరియొక దెబ్బ. పైగా నొప్పి అణగుటచేత హెచ్చరికయు అణగిపోవును. ఇల్లు కాలుచున్నదని అరచువాని నోరు మూసినట్లగును. వృద్ధులు, బక్కపలుచనివారు, మూత్రపిండముల జబ్బు గలవారు, థైరాయిడు లోపమునకు వైద్యము చేయించుకొననివారు మరింత జాగరూకులై యుండవలెను. గర్భిణులును, పాలిచ్చు తల్లులును స్టాటిన్ విషయము డాక్టరును అడుగక వాడరాదు.

ఆచరింపవలసినవి కొలదియే. వాడుచున్న మందులన్నింటి పేర్లు, మోతాదులు ఒక కాగితమున వ్రాసి జేబులోనో, కొంగుముడిలోనో ఉంచుకొనవలెను. పంటివైద్యునికడకు పోయినను, చర్మవైద్యునికడకు పోయినను, ఊరిలో సూదిమందు ఇచ్చువానికడకు పోయినను ఆ కాగితము చూపవలెను. కాగితము లేనిచో మందుల అట్టలనే సంచిలో తీసికొనిపోవలెను. “కొవ్వు బిళ్ళ వాడుచున్నాను, ఇది దానితో పొసగునా?” యను ఒక్క ప్రశ్న అడుగవలెను. అడుగుట అవమానము కాదు, అడుగకుండుటయే నష్టము. ఒకరికి వ్రాసిన మందును మరియొకరు వాడరాదు. పాతచీటితో ఏండ్లతరబడి కొనుచుండరాదు. స్టాటిన్లు చీటిమీద మాత్రమే అమ్మవలసిన మందులు. యాంటీబయాటిక్ అట్టలమీది ఎఱ్ఱగీతకు అర్థము డాక్టరు మాట లేక వాడరాదని.

ఈ పని గ్రంథాలయమునకు సంబంధించినదే. మందుల అట్టలమీది అక్షరములు చిన్నవి, తరచుగా ఇంగ్లీషువి. జీవితమంతయు పొలమున గడపిన వృద్ధునికి అవి గీతలు మాత్రమే. బిళ్ళ రంగును, ఆకారమును బట్టి ఆయన గుర్తుంచుకొనును. కంపెనీ మారినచో రంగు మారును, ఒకే మందును రెండు పేర్లతో రెండుసార్లు మ్రింగుటయు కలదు. కంపెనీ పేరు ఏదైనను, అట్టమీద అసలు మందు పేరు తప్పక యుండును. ఆ పేరు చివర స్టాటిన్ అని యున్నచో చాలవరకు అది కొవ్వు మందే. ఇందులకు అపవాదములు కలవు. నోటిపూతకు ఇచ్చు నిస్టాటిన్ కొవ్వు మందు కాదు. ఈ పాటి చదువు గ్రంథాలయమునకు వచ్చు ప్రతి యువకునికి, యువతికి కలదు. వారానికొకనాడు సాయంకాలమున పెద్దలు తమ మందుల సంచులతో గ్రంథాలయమునకు వచ్చి, పిల్లలచేత మందుల పేర్లు తెలుగులో వ్రాయించుకొని పోవు ఏర్పాటు చేసినచో, దానికి ఖర్చు ఒక నోటుపుస్తకము, ఒక కలము. పిల్లలు వైద్యము చెప్పరాదు, ఏ మందును మాన్పరాదు. చదివి వ్రాసి ఇచ్చుటయే వారి పని. మిగిలినది డాక్టరు పని. 2019 నుండి నల్లగొండలోను, సూర్యాపేటలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు నడచుచున్నవి. అడుగదలచినవారికి చెప్పగలవారు దూరమున లేరు.

అక్షరము వచ్చినవాడు అక్షరము రానివానికి చదివి వినిపించుట గ్రంథాలయోద్యమపు మొదటి ధర్మము. ఆనాడు పత్రికలు చదివి వినిపించిరి. నేడు మందుల అట్టలు గూడ చదివి వినిపింపవలసియున్నది. ఆ సేవతో ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునకు నడచుగాక. ఆనాటి సభయందును ఈ పెద్దలందరు ఆరోగ్యముతో ముందువరుసలో ఆసీనులై యుందురుగాక.